ఒకే కత్తెర... మూడు పేర్లు

బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడం అని మనకో సామెత ఉంది. సంబంధం లేని రెంటిని కలిపితే అలా వెక్కిరిస్తాం. ఏటా లక్షల గుండ్లు చూసే తిరుపతి వాళ్లకి ఈ సామెత అర్థం విడమరచి చెప్పనక్కర్లేదు. అయితే సైన్సులో ఒక్కోసారి ఆ ముడి నిజంగానే పడుతుంది. మెదడుకీ, మగవాళ్లలో మూత్రాశయం కింద పెద్ద ఉసిరికాయంత ఉండే ప్రోస్టేట్ గ్రంథికీ అలాంటి ముడి ఒకటుంది. దాని పేరు గ్లుటమేట్ కార్బాక్సీపెప్టిడేజ్-2. నోరు తిరగని పేరే. పొట్టిగా జీసీపీ-2 అనుకుందాం.

ఇదొక ఎంజైము. ఎంజైమంటే శరీరంలో రసాయన పనులు చేసిపెట్టే ప్రొటీను. మనం తిన్న అన్నాన్ని చక్కెరగా విడగొట్టేవీ ఎంజైములే. జీసీపీ-2 పని కత్తిరించడం. కొన్ని అణువుల చివర తోకలా వేలాడే గ్లుటమేట్ అనే ముక్కని తెంపడం ఒక్కటే దీనికి తెలుసు. 750 అమైనో ఆమ్లాల గొలుసుతో తయారైన ఈ కత్తెరకి రెండు జింకు పరమాణువులు అంచుల్లాంటివి. ఇది కణం లోపల దాక్కోదు. వాకిట్లో నిలబడ్డ కాపలాదారులా కణం పైపొరకి అతుక్కుని, బయటికే తల పెట్టి ఉంటుంది. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి. కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

మెదడులో ఏం చేస్తుంది?

మన మెదడులో నాడీకణాలు ఒకదాన్నొకటి తట్టిలేపడానికి వాడే ముఖ్యమైన రసాయనం గ్లుటమేట్. చదివింది గుర్తుండాలన్నా, చెయ్యి కదలాలన్నా అది కావాలి. కానీ అతి సర్వత్ర వర్జయేత్. పక్షవాతం వచ్చి మెదడులో ఒక భాగానికి రక్తం అందనప్పుడు గ్లుటమేట్ వరదలా పొంగుతుంది. ఆ పోటుకి తట్టుకోలేక నాడీకణాలు చచ్చిపోతాయి.

మెదడులోనే ఎన్ఏఏజీ అనే మరో చిన్న అణువు ఉంది. 1960ల్లో దీన్ని గుర్తించారు. గ్లుటమేట్ మరీ ఎక్కువగా విడుదల కాకుండా ఇది బ్రేకు వేస్తుంది. చిత్రమేమిటంటే, ఆ ఎన్ఏఏజీ చివర వేలాడేది కూడా గ్లుటమేట్ ముక్కే! మన కత్తెర వచ్చి దాన్ని తెంపితే రెండు నష్టాలు ఒకేసారి జరుగుతాయి. బ్రేకు ఊడిపోతుంది. తెగిన ముక్క గ్లుటమేట్ కాబట్టి వరదకి మరికొంత నీరు కలుస్తుంది. ఘాట్ రోడ్డు దిగే బండికి బ్రేకు తీసేసి, పైగా యాక్సిలరేటర్ తొక్కినట్టన్నమాట.

1987లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ శాస్త్రవేత్తలు ఎలుకల మెదడులో ఈ కత్తెర పనిని వర్ణించి, దానికి నాలడేజ్ అని పేరు పెట్టారు. ఈ కత్తెరని పట్టి ఆపగలిగితే పక్షవాతానికి, నరాల నొప్పులకి మందు దొరుకుతుందన్న ఆశ అక్కడ మొదలైంది.

అదే ఏడు... మరో ఊళ్లో

అదే 1987లో, అదే అమెరికాలో, బఫెలో నగరంలో హొరోషెవిచ్ అనే శాస్త్రవేత్త బృందం ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలతో కుస్తీ పడుతోంది. ఆ కణాల మీద మాత్రమే అతుక్కునే యాంటీబాడీ ఒకటి వాళ్లకి దొరికింది. అంటే ఆ కణాల మీద ఏదో ప్రత్యేకమైన గుర్తు ఉన్నట్టే. ఆ గుర్తు తాలూకు జన్యువుని 1993లో న్యూయార్క్ పరిశోధకులు పట్టుకున్నారు. దానికి పెట్టిన పేరు ప్రోస్టేట్ స్పెసిఫిక్ మెంబ్రేన్ యాంటిజెన్... పొట్టిగా పీఎస్ఎంఏ. మామూలు ప్రోస్టేట్ కణాల మీద ఇది కొద్దిగానే ఉంటుంది. క్యాన్సర్ ముదిరేకొద్దీ వందల రెట్లు పెరుగుతుంది.

మెదడు వాళ్ల పత్రికలు ప్రోస్టేట్ వాళ్లు చదవరు. ప్రోస్టేట్ వాళ్ల సభలకి మెదడు వాళ్లు వెళ్లరు. ఎవరి గోల వారిది. 1996లో కార్టర్, ఫెల్డ్‌మన్, కోయిల్ అనే ముగ్గురు పరిశోధకులు ఈ రెండు కథల్నీ పక్కపక్కన పెట్టి చూశారు. మెదడులోని నాలడేజ్, ప్రోస్టేట్ మీది పీఎస్ఎంఏ వేర్వేరు కావు, ఒకటే కత్తెర అని తేల్చారు.

మూడో పేరు వెనక మన తెలుగాయన

అంతటితో అయిపోలేదు. మరో సంగతి కూడా తేలింది. ఈ కత్తెర మన చిన్నపేగులో కూడా ఉంది. అక్కడ దాని పని ఫోలిక్ యాసిడ్‌కి సంబంధించినది. పాలకూర, తోటకూర, పప్పులు, చిత్తూరు సీమ చెనక్కాయలు... వీటన్నిటిలో ఉండే ఫోలేట్ విటమిన్‌కి గ్లుటమేట్ ముక్కలు వరసగా తోకలా ఉంటాయి. ఆ పొడుగు తోకతో అది పేగు గోడ దాటలేదు. మన కత్తెర ఒక్కో ముక్కే తెంపుతూ వచ్చి, చివరికి ఒక్కటి మిగిల్చితేనే విటమిన్ రక్తంలోకి చేరుతుంది. అందుకే ఈ జన్యువుకి శాస్త్రవేత్తలు పెట్టుకున్న అధికారిక పేరు కూడా ఫోలేట్ హైడ్రోలేజ్-1.

ఫోలిక్ యాసిడ్ అనగానే తెలుగువాళ్లకి గుర్తు రావాల్సిన పేరు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ ఆయన, లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనల అధిపతిగా ఉన్నప్పుడే 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని కృత్రిమంగా తయారుచేసింది. దాన్ని అడ్డుకునే అణువుల నుంచే పిల్లల్లో రక్త క్యాన్సర్‌కి తొలి మందులు పుట్టాయి. 1948లో ఆయన కన్నుమూసే నాటికి ఈ కత్తెర ఊసే ఎవరికీ తెలియదు. కానీ గ్లుటమేట్ ముక్కలు ఒకటుంటే ఏమవుతుంది, మూడుంటే ఏమవుతుంది అని ఆ రోజుల్లోనే ఆయన బృందం లెక్కలు కట్టింది.

ఆ దారిలో హైదరాబాద్ కూడా నడిచింది. ఈ ఎంజైము జన్యువులో సీ1561టీ అనే చిన్న మార్పు కొందరిలో పుట్టుకతోనే ఉంటుంది. నిమ్స్ పరిశోధకులు దాని మీద పనిచేసి 2012లో ఒక పత్రం ప్రచురించారు. ఆ ఒక్క మార్పే ఒక జబ్బు విషయంలో ఒకలా, మరో జబ్బు విషయంలో ఇంకోలా ప్రవర్తిస్తోందన్నది దాని సారాంశం. ఒకే కత్తెర పేగులోనూ, ప్రోస్టేట్‌లోనూ, మెదడులోనూ వేర్వేరు పనులు చేస్తున్నప్పుడు అది సహజమే.

అలిపిరి దాటని మందు

ఇప్పుడు మందు సంగతికి వద్దాం. 1996లో బాల్టిమోర్‌లోని గిల్‌ఫోర్డ్ అనే కంపెనీ శాస్త్రవేత్తలు ఈ కత్తెర నోట్లో సరిగ్గా ఇరుక్కునే అణువుని తయారుచేశారు. పేరు 2-పీఎంపీఏ. పిసరంత చాలు, కత్తెర పనిచేయదు. 1999లో వచ్చిన పరిశోధనలో, పక్షవాతం తెప్పించిన ఎలుకలకి దీన్ని ఇస్తే మెదడులో దెబ్బతిన్న భాగం తగ్గింది. ఇంకేం, మందు దొరికేసిందని అందరూ అనుకున్నారు.

దొరకలేదు! కారణం ఏమిటో తిరుపతి వాళ్లకి ఇట్టే అర్థమవుతుంది. కొండ మీదికి వెళ్లే ప్రతి బండీ అలిపిరి దగ్గర ఆగాలి. తనిఖీ అయ్యాకే పైకి వదులుతారు. మన మెదడుకీ అలాంటి టోల్‌గేటే ఉంది. మెదడు రక్తనాళాల గోడలు ఒత్తుగా అల్లుకుని, రక్తంలో తిరిగే ప్రతిదాన్నీ లోపలికి రానివ్వవు. కొవ్వులో కరిగే చిన్న అణువులు సులువుగా వెళతాయి. విద్యుదావేశం నిండిన అణువులు గేటు దగ్గరే ఆగిపోతాయి. 2-పీఎంపీఏ ఒంటి నిండా ఆవేశమే. పైగా మాత్రగా మింగితే పేగులోంచి రక్తంలోకే సరిగా ఎక్కదు.

ఆవేశం తగ్గిస్తే సరిపోతుందిగా అంటారా? చిక్కంతా అక్కడే ఉంది. కత్తెర నోట్లోని జింకు పరమాణువుల్ని గట్టిగా పట్టుకునేది ఆ ఆవేశమే. అది తీసేస్తే గేటు దాటుతుందేమో గానీ, దాటాక పట్టు ఉండదు. ఉంచితే పట్టు ఉంటుంది గానీ గేటు దాటదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తర్వాత నోటి ద్వారా ఇచ్చే 2-ఎంపీపీఏ అనే అణువు వచ్చింది. ఆరోగ్యవంతులపై తొలి దశ పరీక్షల వరకూ వెళ్లి ఆగిపోయింది. అదే గిల్‌ఫోర్డ్‌లో పనిచేసిన బార్బరా స్లషర్ వంటి వారు జాన్స్ హాప్కిన్స్‌లో ఇప్పటికీ ఈ దారిలోనే ఉన్నారు. అయినా ఈ ఎంజైముని ఆపి మెదడు జబ్బుని నయం చేసే మందు ఇంతవరకు ఒక్కటి కూడా అనుమతి పొందలేదు.

లోపమే వరమైంది

2001లో అలెన్ కొజికోవ్‌స్కీ అనే రసాయన శాస్త్రవేత్త బృందం యూరియా ఆధారంగా మరో రకం అణువుల్ని తయారుచేసింది. అవీ మొదట మెదడుని ఉద్దేశించి చేసినవే. అవీ గేటు దగ్గర తడబడినవే. కానీ జాన్స్ హాప్కిన్స్‌కి చెందిన మార్టిన్ పోంపర్ వాటిని మరో కంటితో చూశారు. ప్రోస్టేట్ క్యాన్సర్ కణం దగ్గరికి వెళ్లడానికి ఏ టోల్‌గేటూ అడ్డం లేదు. కత్తెర కణం బయటే తల పెట్టుకుని ఉంది. రక్తంలో వదిలితే అణువు నేరుగా వెళ్లి దాన్ని పట్టుకుంటుంది. దానికో రేడియోధార్మిక పరమాణువుని తగిలించి పంపితే?

ఇక్కడ ఆలోచన పూర్తిగా తలకిందులైంది. మెదడులో ఈ కత్తెర పనిని ఆపాలి. ప్రోస్టేట్‌లో దాని పనితో మనకి పనే లేదు, అదొక డోరు నంబరు మాత్రమే. ఆ నంబరున్న ఇంటికి ఉత్తరం చేరాలి. మెదడులోకి దూరలేకపోవడం అక్కడ లోపం. ఇక్కడ అదే వరం. రేడియోధార్మిక పదార్థం మెదడులోకి పోకూడదనేగా మనమూ కోరుకునేది!

జర్మనీలోని హైడెల్‌బర్గ్ శాస్త్రవేత్తలు ఈ దారిలో పీఎస్ఎంఏ-11 అనే అణువుకి గాలియం-68 తగిలించి, 2012 నుంచి రోగుల స్కాన్లు ప్రచురించారు. ఎముకల్లో, లింఫు గ్రంథుల్లో దాక్కున్న చిన్న చిన్న క్యాన్సర్ గడ్డలు కూడా దీపాల్లా వెలిగి కనిపించాయి. అమెరికా ఔషధ సంస్థ 2020 డిసెంబరులో ఈ స్కాన్‌కి అనుమతినిచ్చింది.

ఇక్కడ మన ఊరి లెక్క ఒకటి చూద్దాం. గాలియం-68 అర్ధజీవితం 68 నిమిషాలు. అంటే ప్రతి 68 నిమిషాలకీ సగం కరిగిపోతుంది. చెన్నైలో తయారుచేసి కారులో తిరుపతి తెస్తే మూడు గంటల ప్రయాణానికి మిగిలేది ఆరో వంతు. అందుకే ఈ స్కాన్ చేసే ఆసుపత్రులు చాలావరకు గాలియంని అక్కడికక్కడే పిండుకునే జనరేటర్ పెట్టుకుంటాయి. ఒకసారి పిండితే వచ్చింది కొద్దిమందికే సరిపోతుంది. కాబట్టి ఒకే రోజున వరసగా రోగుల్ని పిలుస్తారు. ఫలానా రోజే రమ్మన్నారంటే అది వాళ్ల బద్ధకం కాదు, గాలియం తొందర.

నాలుగు నెలల విలువ

స్కాన్‌కి వాడిన డోరు నంబరుకే గాలియం బదులు లుటీషియం-177 పంపితే అది వైద్యమవుతుంది. లుటీషియం విడుదల చేసే బీటా కణాలు రెండు మిల్లీమీటర్లకి మించి దూరం పోవు. అంటే అతుక్కున్న గడ్డనీ, దాని పక్కనున్న కొద్ది కణాలనీ మాత్రమే కాలుస్తాయి. అర్ధజీవితం ఆరున్నర రోజులకి పైనే. అందువల్ల విమానంలో తెప్పించుకోవచ్చు. ముంబయి ట్రాంబేలో భాభా అణు పరిశోధన కేంద్రం వారి ధ్రువ రియాక్టరులో లుటీషియం మన దేశంలోనే తయారవుతోంది. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు ఈ వైద్యంలో ప్రపంచం గమనించే అనుభవం సంపాదించారు.

మరి ఫలితం? విజన్ అనే పెద్ద పరీక్ష వివరాలు 2021లో వచ్చాయి. హార్మోన్ మందులూ కీమోథెరపీ అన్నీ అయిపోయి, జబ్బు ఒళ్లంతా పాకిన 831 మందిపై చేశారు. మామూలు వైద్యం మాత్రమే అందిన వాళ్లు సగటున 11.3 నెలలు బతికితే, దానితోపాటు లుటీషియం కూడా అందిన వాళ్లు 15.3 నెలలు బతికారు. తేడా నాలుగు నెలలు. 2022 మార్చిలో అమెరికాలో అనుమతి వచ్చింది. 2025 మార్చిలో కీమోథెరపీకి ముందే వాడేందుకూ అనుమతించారు.

నాలుగు నెలలేనా అని పెదవి విరవకండి. ఇంట్లో పెళ్లి ముహూర్తం పెట్టుకున్నవాళ్లని అడగండి ఆ నెలల విలువ. కానీ ఇది అద్భుతమని, జబ్బు పూర్తిగా పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ముందుగా స్కాన్‌లో ఆ డోరు నంబరు కనిపించాలి. విజన్ పరీక్షలో స్కాన్ చేసిన వాళ్లలో సుమారు 87 శాతం మందే దానికి తగినవాళ్లని తేలింది. మిగిలిన వాళ్ల గడ్డల్లో ఉత్తరం అందుకునే ఇల్లు సరిగా లేదు. ఇంకో సంగతి. ఈ కత్తెర మూత్రపిండాల్లోనూ ఉంటుంది. ఈ మందు లాలాజల గ్రంథుల్లోనూ చేరుతుంది. అందుకే వైద్యం తీసుకున్న ప్రతి పదిమందిలో దాదాపు నలుగురికి నోరు ఎండిపోయింది. రాగిసంకటి ముద్ద గొంతు దిగాలంటే లాలాజలం ఎంత అవసరమో అది పోయినప్పుడే తెలుస్తుంది.

మన పిల్లలకి ఒక మాట

తిరుపతిలో ఇప్పుడు చదువులకి కొదవ లేదు. 1954 నాటి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, 2015లో వచ్చిన ఐఐటీ, ఐసర్... స్విమ్స్‌లో బయోఇన్ఫర్మేటిక్స్ విభాగం కూడా ఉంది. ఎమ్మెస్సీ ప్రాజెక్టు అనగానే ఈ కాలపు పిల్లలు కంప్యూటర్ ముందు కూర్చుని, ఫలానా ఎంజైము నోట్లో ఏ అణువు బాగా ఇరుకుతుందో వెతుకుతారు. దీన్నే డాకింగ్ అంటారు. ఖర్చు తక్కువ, నేర్చుకునేది ఎక్కువ. మంచి పనే. జీసీపీ-2 ఆకారం 2005 నుంచే అందరికీ అందుబాటులో ఉంది కాబట్టి దీని మీదా ఎవరైనా పనిచేయొచ్చు.

కానీ ఈ కత్తెర కథ వాళ్లు ఒకసారి చదవాలి. 2-పీఎంపీఏ కంటే బాగా ఇరికే అణువు దొరకడం కష్టం. అయినా అది మందు కాలేదు. తాళంచెవి తాళానికి సరిపోవడం ఒక ఎత్తు. ఆ చెవి పట్టుకుని తలుపు దాకా చేరడం మరో ఎత్తు. కంప్యూటర్ మొదటిది చెబుతుంది. రెండోది చెప్పాలంటే ఎలుకలు, మనుషులు, ఏళ్లు కావాలి. అలాగని గేటు దగ్గర ఆగిపోయిన అణువుని పారేయనూ కూడదు. అది వేరే ఇంటి తాళంచెవి కావచ్చు. అందుకే పక్క విభాగం వాళ్లు ఏం చేస్తున్నారో కూడా అప్పుడప్పుడు తొంగి చూడాలి. నాలడేజ్, పీఎస్ఎంఏ ఒకటేనని తెలియడానికి తొమ్మిదేళ్లు పట్టింది మరి!

ఇంట్లో పెద్దాయన ఉన్నారా?

ఇక మనందరి సంగతి. పీఎస్ఏ, పీఎస్ఎంఏ... ఈ రెండూ ఒకటి కావు. పీఎస్ఏ అనేది ప్రోస్టేట్ నుంచి రక్తంలోకి వచ్చే వేరే ప్రొటీను. దాన్ని చూసేది మామూలు రక్తపరీక్ష. పీఎస్ఎంఏ స్కాన్ పెద్ద పరీక్ష. మొదటిదాంతో అనుమానం వచ్చి, ముక్క తీసి పరీక్షించి, జబ్బు ఎంతవరకు పాకిందో చూడాల్సి వచ్చినప్పుడే రెండోదాని అవసరం. పీఎస్ఏ పెరిగినంత మాత్రాన క్యాన్సర్ అని కూడా కాదు. ప్రోస్టేట్ వాచినా, ఇన్ఫెక్షన్ వచ్చినా పెరుగుతుంది. రాత్రిళ్లు నాలుగైదుసార్లు లేవడం, మూత్రం సన్నగా రావడం... వయసు మళ్లిన మగవాళ్లలో వీటికి ఎక్కువగా కారణం క్యాన్సర్ కాని మామూలు ప్రోస్టేట్ వాపే.

అసలు ఇబ్బంది ఇంకోటి. మన పెద్దాయనలు ఈ మాట ఇంట్లో ఎత్తరు. కోడలి ముందు చెప్పలేరు, కొడుకుతో చెప్పడానికి మొహమాటం. నడుము నొప్పి అంటే 'వయసు మీద పడిందిలే నాయనా' అని కొట్టిపారేస్తారు. నొప్పి మాత్రలతో నెట్టుకొస్తారు. ప్రోస్టేట్ క్యాన్సర్ పాకితే మొదట చేరేది చాలాసార్లు వెన్నెముక, తుంటి ఎముకల్లోకే. తగ్గని నడుము నొప్పి, మూత్రంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం... వీటిలో ఏది కనిపించినా యూరాలజీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. నడుము నొప్పితోపాటు కాళ్లు పట్టు తప్పుతుంటే మర్నాటి దాకా ఆగొద్దు.

ఒకప్పుడు మన జిల్లా వాళ్లకి పెద్ద జబ్బంటే వేలూరు బస్సే దిక్కు. ఇప్పుడూ చాలామంది వెళతారు. అయితే తిరుపతిలోనే స్విమ్స్‌లో యూరాలజీ, న్యూక్లియర్ మెడిసిన్ విభాగాలున్నాయి. అలిపిరి దగ్గర టాటా సంస్థలు, తితిదే చేయి కలిపి కట్టిన క్యాన్సర్ ఆసుపత్రి 2022 మేలో ప్రారంభమైంది. దూరం ఇప్పుడు పెద్ద సాకు కాదు.

మెదడు కోసం బయల్దేరిన మందు దారి తప్పి ప్రోస్టేట్‌కి చేరడానికి పాతికేళ్లు పట్టింది. దాన్ని అక్కడిదాకా తెచ్చినవాళ్లు వాళ్ల పని వాళ్లు చేశారు. మన ఇంటి పెద్దాయన్ని డాక్టర్ దాకా తీసుకెళ్లడం మన పని. దానికి ఓ పూట చాలు.